పెద్ద పొట్టలో నత్రజని లెక్క

(నెల్లూరు జిల్లా కలిగిరి ప్రాంతంలోని ఒక పల్లెలో జరిగిన పాడి రైతుల సమావేశంలో, పశుపోషణ శాస్త్రం బోధించి రిటైరైన ఒక అధ్యాపకుడి ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం. మధ్యలో రైతులు అడిగిన ప్రశ్నలు రికార్డింగులో సరిగా వినపడలేదు. అవి ఆయన జవాబుల్లోనే అర్థమవుతాయి.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ చాపలు ఖాళీగా ఉన్నాయి. ఈ మైకు గోల పెడతా ఉంది, తీసేసి మామూలుగానే మాట్లాడతాను. వినపడకపోతే చెయ్యెత్తండి.

నన్ను పిలిచినప్పుడు, సార్, పాలు పెరగడానికి ఏ దాణా పెట్టాలో చెప్పండి అన్నారు. చెప్తాను. కాకపోతే దాణా దగ్గర మొదలుపెట్టను, గడ్డి దగ్గర మొదలుపెడతాను. ఈ మెట్టలో మీరు సంవత్సరంలో ఎక్కువ నెలలు మేపేది ఏంది? కోవూరు నుంచో, బుచ్చిరెడ్డిపాళెం నుంచో ట్రాక్టర్ల మీద వచ్చే వరిగడ్డి. అవునా కాదా? వామి వేసుకునే రోజులు పోయి, మిషను కోత గడ్డి కట్టలు కొనే రోజులొచ్చాయి. దాని ధర సంగతి నాకంటే మీకే బాగా తెలుసు.

ఆ వరిగడ్డిలో ప్రొటీను ఎంతుంటుంది? ఎవరైనా చెప్పండి. ఏం పర్వాలేదు, తప్పైనా చెప్పండి. పది? కాదమ్మా. నూటికి మూడు, నాలుగు. అంతే. మిగతాదంతా పీచు, దానికి అంటుకుపోయిన లిగ్నిన్ అనే గట్టి పదార్థం, ఇసుక లాంటి సిలికా. మరి అట్టాంటి గడ్డి తిని బర్రె పాలెట్టా ఇస్తుంది? మనం తింటే మనకి అరగదు. బర్రెకీ అరగదు. మీరు నవ్వుతున్నారు గానీ నేను నిజమే చెప్తున్నాను. పీచుని విరగ్గొట్టే ఎంజైము బర్రె ఒంట్లో ఒక్కటి కూడా తయారవదు. దానికి అరిగించి పెట్టేవాళ్లు వేరే ఉన్నారు. మనం నిజానికి మేపేది వాళ్లని.

మేము చదువుకున్న కాలేజీలో ఒక ఎద్దుకి ఎడమ డొక్కలో ఆపరేషన్ చేసి రబ్బరు మూత బిగించి ఉండేవాళ్లు. ఫిస్టులా అంటారు. పశువుకి దాంతో బాధేం ఉండదు, మామూలుగా మేస్తది, నెమరేస్తది. ఆ మూత తీసి, పెద్ద పొట్టలోకి, అంటే మేసిన గడ్డి ముందు చేరి నానే గదిలోకి, భుజం దాకా చెయ్యి పెడితే ముందు తగిలేది వేడి. 39 డిగ్రీలు, మన ఒంటి వేడి కంటే ఎక్కువ. పైన గడ్డి ఒక పరుపు లాగా తేలుతా ఉంటది, దాని కింద ఆకుపచ్చని రసం. ఆ రసం బట్టలో వడగట్టి ఒక్క చుక్క మైక్రోస్కోపు కింద పెట్టండి. ముందు పెద్ద పెద్దవి కనపడతాయి, ఒంటి నిండా వెంట్రుకలతో గిర్రున తిరుగుతా. అవి ప్రొటోజోవా. వాటి మధ్యలో సన్నని చుక్కల్లాగా మసకగా కదిలేవి బాక్టీరియా. ఒక మిల్లీలీటరు రసంలో వెయ్యి కోట్లకి పైగా ఉంటాయి. ఒక మిల్లీలీటరులో! బాగా ఎదిగిన పశువుకి ఆ పెద్ద పొట్ట వంద లీటర్ల దాకా పడుతుంది. ఇప్పుడు మీరే లెక్కేసుకోండి, మీ కొట్టంలో ఎన్ని నోళ్లకి మేత పెడుతున్నారో.

ఈ బాక్టీరియా గడ్డిని పులియబెట్టి ఆమ్లాలు చేస్తాయి, ఆ ఆమ్లాలే బర్రెకి శక్తి. పాలల్లో వెన్నకి సగం సరుకు అక్కడి నుంచే వస్తుంది. అది ఒక సంగతి. రెండో సంగతి, ఇంకా పెద్దది: ఆ బాక్టీరియా పెరిగి పెరిగి గడ్డితో పాటు కిందికి, అసలు కడుపులోకి జారిపోతాయి. అక్కడ అరిగిపోతాయి. అంటే బర్రె వాటిని తినేస్తుంది. బర్రె పేగుకి చేరే ప్రొటీనులో మామూలుగా సగం పైన, ఉత్త గడ్డి మీద బతికే పశువులో ఇంకా ఎక్కువ, ఈ బాక్టీరియా ఒంటి ప్రొటీనే. మీరు పోసే నూనెగింజల చెక్కలోని ప్రొటీను నేరుగా పాలల్లోకి పోతుందని అనుకుంటారు కదా? చాలా వరకు పోదు. దారిలో వీళ్లు దాన్ని విరగ్గొట్టి, తమ ఒళ్లు కట్టుకుంటారు. ఆ ఒంటినే బర్రె తింటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ప్రొటీను కట్టడానికి నత్రజని కావాలి. పైరుకైనా అంతే, పురుగుకైనా అంతే. మరి ఈ బాక్టీరియాకి నత్రజని ఏ రూపంలో కావాలి?

ఈ ప్రశ్న పాతదే. 1891లోనే జర్మనీలో జుంట్స్ అనే శాస్త్రవేత్త, నెమరేసే పశువు పొట్టలోని సూక్ష్మజీవులు ప్రొటీను కాని నత్రజనిని కూడా వాడుకోగలవని అన్నాడు. అప్పట్లో అది ఊహ. 1949లో అమెరికాలో లూస్లీ అనే ఆయనా, ఆయనతో పనిచేసినవాళ్లూ గొర్రెలకి నత్రజని అంతా యూరియా రూపంలోనే ఇచ్చి చూశారు. మేతలో లేని అమైనో ఆమ్లాలు, అంటే ప్రొటీను కట్టే ఇటుకల్లాంటివి, వాటిలో పది ముఖ్యమైనవి, పొట్టలో తయారై కనపడ్డాయి. ఎవరు చేశారు? గొర్రె చెయ్యలేదు, బాక్టీరియా చేశాయి. ఇంక 1962లో బ్రయంట్, రాబిన్సన్ అనే ఇద్దరు, పెద్ద పొట్టలోంచి తీసిన బాక్టీరియా రకాల్ని ఒక్కొక్కదాన్ని సీసాలో పెంచి, ఏ నత్రజని ఇస్తే ఏది పెరుగుతుందో చూశారు. పరీక్షించిన రకాల్లో నూటికి 80కి పైగా ఒట్టి అమ్మోనియా మీదనే పెరిగాయి. నూటికి పాతిక రకాలకైతే అమ్మోనియా లేకపోతే కుదరనే కుదరదు, మీరు మంచి అమైనో ఆమ్లాలు పోసినా సరే!

నాకు ఈ పరిశోధన అంటే ఇష్టం. ఎందుకంటే మనం దాణాలో ఖరీదైన ప్రొటీను చూసి మురిసిపోతాం. ఆ లోపల ఉన్నవాళ్లలో ఎక్కువమందికి కావలసింది అమ్మోనియా. అదే, బాత్రూముల్లో ముక్కుకి ఘాటు కొట్టేది.

కాకపోతే అందరూ ఒకటే అనుకోబాకండి. గడ్డి పీచుని తినేవి వేరు, గింజల పిండిని తినేవి వేరు. పీచు తినేవి ముఖ్యంగా మూడు: ఫైబ్రోబ్యాక్టర్ సక్సినోజెనెస్, రూమినోకాకస్ ఆల్బస్, రూమినోకాకస్ ఫ్లేవిఫేసియన్స్. పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, పరీక్ష ఏం లేదు. ఈ మూడూ నత్రజని అంతా అమ్మోనియా నుంచే తీసుకుంటాయి. వరిగడ్డి మేపే మనకి వీళ్లే దిక్కు. పిండి, బెల్లం లాంటివి తినే బాక్టీరియా మాత్రం కొంచెం సుఖం మరిగినవి. అవి అమ్మోనియాతో బతుకుతాయి గానీ, ప్రొటీను విరిగిన ముక్కలు, పెప్టైడులు అంటాం, అవి దొరికితే ఇంకా వేగంగా పెరుగుతాయి. అమెరికాలో పాడిపశువుల మేత లెక్కల కోసం రసెల్ వాళ్లు 1992లో ఒక పద్ధతి తయారుచేశారు. అందులో, పెప్టైడులు అందినప్పుడు పిండి తినేవాటికి మూడింట రెండు వంతుల నత్రజని పెప్టైడులు, అమైనో ఆమ్లాల నుంచి వస్తుందనీ, పీచు తినేవాటికి అంతా అమ్మోనియా నుంచే అనీ పెట్టుకున్నారు. ప్రెవొటెల్లా అని ఒక గమ్మత్తు రకం ఉంది. పొట్టలో చాలా ఎక్కువగా ఉండేది. దానికి పెప్టైడు ఇచ్చినా పెరుగుతుంది, అమ్మోనియా ఇచ్చినా పెరుగుతుంది. విడి అమైనో ఆమ్లాలు ఇస్తే మాత్రం సరిగా తీసుకోదు. ఎందుకంటే వాటిని లోపలికి లాక్కునే ఏర్పాటు దానికి తక్కువ.

సరే సార్, పీచు తినేవాటికి అమ్మోనియా చాలంటున్నారు, యూరియా ఒక్కటీ వేస్తే సరిపోదా అని మీరు అడగాలి. ఎవరూ అడగలేదు. నేనే చెప్తాను. సరిపోదు. ఆ మూడు రకాలకీ అమ్మోనియాతో పాటు ఇంకో సరుకు కావాలి. ఐసోబ్యూటిరేట్, ఐసోవాలరేట్ అని చిన్న చిన్న ఆమ్లాలు. వాటి మీద అమ్మోనియా తగిలించి కొన్ని అమైనో ఆమ్లాలు కట్టుకుంటాయి. ఆ ఆమ్లాలు గడ్డిలో రావు, యూరియాలో రావు. వేరే బాక్టీరియా నిజమైన ప్రొటీనుని విరగ్గొట్టినప్పుడు మిగిలే పదార్థం అది. అంటే ఎవరో ఒకరు చెక్కో, పచ్చిమేతో తిని వదిలేస్తేనే వీళ్లకి దొరుకుతుంది. అందుకని ఉత్త గడ్డి, ఉత్త యూరియా కలిపి పెట్టి, ఇంక చెక్క మానేద్దాం అనుకోవద్దు. పూటకో గుప్పెడు చెక్కైనా, ఒక మోపు పిల్లిపెసరైనా పడాలి.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. బలపం ఇట్టా ఇవ్వండి. మీ బర్రె రోజుకి ఎనిమిది కిలోల వరిగడ్డి తింటుంది అనుకుందాం. మూడున్నర శాతం లెక్కన అందులో ప్రొటీను 280 గ్రాములు. అదీ చాలా వరకు పీచులో బిగుసుకుని ఉంటుంది, అంతా దొరకదు. దొరికిందనే అనుకుందాం. ఇంకో పక్క చూడండి: ఆ ఎనిమిది కిలోల్లో అరిగే పోషకాలు సుమారు మూడు కిలోలు. అరిగే పోషకాలు ఒక కిలో ఉంటే, బాక్టీరియా దాదాపు 130 గ్రాముల ప్రొటీను కట్టగలవని లెక్క. మూడు కిలోలకి 390. అంటే శక్తి 390 గ్రాములకి ఉంది, నత్రజని 280కే ఉంది. తక్కువలో తక్కువ 110 గ్రాములు లోటు. ఈ లోటు వల్ల ఏం జరుగుతుంది? బాక్టీరియా పెరగవు. గడ్డి పొట్టలో అట్టాగే ఉండిపోతుంది. పొట్ట ఖాళీ అవదు, కాబట్టి బర్రె ఇంకో మోపు తినదు. మీరేమంటారు? 'మా బర్రె గడ్డి వదిలేస్తా ఉంది సార్, ఆకలి మందు రాయండి' అంటారు. మేతలో ప్రొటీను ఏడు శాతం కంటే కిందికి పోతే తినడమే తగ్గిపోతుందని మేత పుస్తకాలన్నీ చెప్తాయి. ఆకలి లేనిది బర్రెకి కాదు, ఆకలితో ఉన్నది లోపలివాళ్లు.

110 గ్రాముల లోటుకి యూరియా ఎంత? యూరియాలో నత్రజని 46 శాతం. నత్రజనిని ప్రొటీను లెక్కలోకి మార్చాలంటే ఆరుంపావుతో హెచ్చించాలి, అట్టా హెచ్చిస్తే వంద గ్రాముల యూరియా దాదాపు 287 గ్రాముల ప్రొటీనుకి సమానం. అంటే నలభై గ్రాములు చాలు. వేరుశనగ చెక్కతో తీర్చాలంటే దాదాపు పావుకిలో పైన. యూరియా ఎంత చవకో చూశారా?

ఆగండి. ఇక్కడే ఆగండి. రేపు పొద్దున ఎవరూ దాణాలో గుప్పెడు యూరియా వేసెయ్యబాకండి. ఇక్కడి నుంచి బాగా వినండి.

ఎంత అన్నది కాదు, ఎంతసేపట్లో

యూరియా పొట్టలో పడగానే యూరియేజ్ అనే ఎంజైము దాన్ని అమ్మోనియాగా విరగ్గొట్టేస్తుంది. ఎంత తొందరగా? నిమిషాల్లో మొదలవుతుంది, గంట రెండు గంటల్లో అంతా అయిపోతుంది. వరిగడ్డి పీచు అరగడానికి ఎంత? ఒకటిన్నర రోజు, రెండు రోజులు. ఇప్పుడు చెప్పండి, పెళ్లి బంతిలో కూర్చున్నాక పప్పు ముందే ఆకు నిండా పోసేసి, అన్నం గంటన్నర తర్వాత వస్తే మీరేం చేస్తారు? ఆ పప్పు పారిపోతుంది. పొట్టలో కూడా అదే. శక్తి వచ్చే వేళకి అమ్మోనియా ఉండదు. అది గోడలోంచి రక్తంలోకి పోతుంది, కాలేయం దాన్ని మళ్లీ యూరియా చేస్తుంది, ఎక్కువ భాగం మూత్రంలో పోతుంది. పాలల్లోకీ కొంత పోతుంది. మీరు కొన్నది పేడగుంట పాలవుతుంది.

కొంచెం తిరిగొస్తుంది. అది దేవుడు పెట్టిన ఏర్పాటు. రక్తంలోని యూరియాలో కొంత లాలాజలం ద్వారా, పొట్ట గోడ ద్వారా మళ్లీ పొట్టలోకి వస్తుంది. ఆవుకి రోజుకి వంద లీటర్ల పైన లాలాజలం ఊరుతుంది. మేతలో ప్రొటీను తక్కువైనప్పుడు మూత్రంలో వదలకుండా వెనక్కి తిప్పుకోవడం ఇంకా ఎక్కువవుతుంది. ఎండాకాలం మన మెట్టలో జీవాలు ఎండు గడ్డిపోచల మీద బతికి బట్టకట్టేది ఈ ఏర్పాటు వల్లనే. కానీ దాంతో ప్రాణం నిలుస్తుంది, పాలు రావు.

ఎంత అమ్మోనియా ఉండాలి అనేది కూడా కొలిచారు. 1974లో శాటర్, స్లైటర్ అనేవాళ్లు లీటరు రసానికి 50 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని ఉంటే బాక్టీరియా పెరుగుదలకి చాలు, అంతకంటే పోసినా వృథా అన్నారు. అది ల్యాబులో చేసిన పని. తర్వాత లెంగ్ అనే ఆస్ట్రేలియా ప్రొఫెసరు, మన దేశంలో ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి మండలి) వాళ్లతో కూడా పనిచేసినాయన, మన లాంటి దేశాల ఎండు గడ్డి మీద బతికే పశువులకి 200 దాకా ఉంటేనే తిండి బాగా పెరుగుతుందన్నాడు. నా వరకు నేను లెంగ్ వైపే. ల్యాబు సీసాలో గడ్డిపోచ లోపలికి అమ్మోనియా చేరాల్సిన పని లేదు. పొట్టలో ఉంది. ఏదైనా అంకె కంటే ముఖ్యం ఏందంటే, ఆ స్థాయి రోజంతా నిలవాలి. పొద్దున వెయ్యి, సాయంత్రం ఇరవై ఉంటే లాభం లేదు.

ఇంక విషం సంగతి. యూరియా అలవాటు లేని పశువుకి, అందునా ఖాళీ పొట్ట మీద, ఒంటి బరువు కిలోకి 0.3 గ్రాము నుంచి అర గ్రాము లోపలే విషం కావచ్చు. 300 కిలోల బర్రెకి అది 90 నుంచి 150 గ్రాములు. గ్లాసుడు కూడా కాదు. కిలోకి ఒక గ్రాము, ఒకటిన్నర గ్రాము దాటితే మామూలుగా బతకదు. ఎట్టా తెలుస్తుంది? తిన్న అరగంట, గంటలోపల వణుకు, నోట్లో నురగ, పొట్ట ఉబ్బరం, పళ్లు కొరకడం, తూలడం, పడిపోయి కాళ్లు కొట్టుకోవడం. మీరు పొలానికి చల్లి ఖాళీ బస్తా కొట్టం పక్కన పడేస్తారు చూడండి, అదీ ప్రమాదమే. బస్తా కడిగిన నీళ్లు తాగినా పోతాయి.

అట్టా జరిగితే డాక్టరుని పిలిచేలోపల ఏం చేయాలో అడుగుతున్నారు. మేత, దాణా ఆపేయండి. డాక్టరు వచ్చాక గొట్టం వేసి ఇరవై ముప్పై లీటర్ల చల్లనీళ్లు, రెండు నుంచి నాలుగు లీటర్ల వెనిగర్ పొట్టలోకి పోస్తారు. చల్లనీళ్లు ఎందుకు? ఆ ఎంజైము పని నెమ్మదించడానికి. వెనిగర్ ఎందుకు? పొట్ట పులుపెక్కితే అమ్మోనియా అమ్మోనియం అయి గోడ దాటదు. కింద పడి కొట్టుకుంటున్న పశువుకి మాత్రం మీరు నోట్లో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెనిగర్ నాలుగు సీసాలు పాల కేంద్రంలో పెట్టుకోండి, పెద్ద ఖర్చేం కాదు.

కుడితిలో యూరియా కలపొద్దు. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. మీ దగ్గర కుడితి తొట్టి అలవాటు ఉంది, తవుడూ, చెక్కా, గంజీ అన్నీ అందులోనే. నీళ్లల్లో కలిసిన యూరియా ఒక్క గుక్కలో పోతుంది. కొట్టంలో గట్టి బర్రె ఒకటి ముందు మూతి పెట్టి అంతా తాగేస్తుంది కూడా. పొడి దాణాలోనే, అదీ నూటికి ఒక పాలు మించకుండా, బాగా కలిసేట్టు, మొదట్లో అందులో పావు వంతుతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పెంచాలి. నన్నడిగితే ఇంట్లో దాణా కలుపుకునేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు. పారతో కలిపే దాణాలో ఒక మూల గడ్డ కట్టి ఉంటే ఎవరికి తెలుస్తుంది?

మరి యూరియా చవకని వదులుకోవాలా? వద్దు. గడ్డితోనే పంపుదాం.

వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై అరవై లీటర్ల నీళ్లు. ముందు నీళ్లల్లో పూర్తిగా కరగనివ్వండి. ఆ బకెట్ల దగ్గరికి పశువుల్నీ పిల్లల్నీ రానివ్వొద్దు. కింద పట్ట పరిచి, గడ్డి ఒక వరస, నీళ్లు ఒక చల్లుడు, కాళ్లతో తొక్కుడు. మళ్లీ వరస. గాలి ఉండకూడదు, అందుకే తొక్కమంటున్నాను. పైన పట్ట కప్పి అంచులు మట్టితో మూసెయ్యండి. 21 రోజులు. ఇక్కడ మనవాళ్లు మూడు వారాల కింద వేసింది ఉంది, మీటింగు అయినాక తెరుస్తాం. తెరిచినప్పుడు మొహం దగ్గర పెట్టబాకండి, కళ్లల్లో నీళ్లు కారతాయి. గడ్డి రంగు మారి ముదురు గోధుమ రంగులో ఉంటుంది, చేత్తో పిసికితే పెళుసుగా విరగదు, మెత్తగా వంగుతుంది. కావలసినంత ఒక పక్క నుంచి తీసి గంటసేపు ఆరబెట్టి వెయ్యాలి. మొదటి రోజు పశువు మూతి తిప్పుకుంటుంది. మామూలు గడ్డిలో కలిపి అలవాటు చెయ్యండి, వారంలో ఎగబడుతుంది.

ఆ పెద్దాయన మంచి ప్రశ్న అడిగాడు. అందరికీ వినపడేట్టు మళ్లీ చెప్తాను. 'నలభై గ్రాములు చాలన్నావు, ఇప్పుడేమో వంద కిలోలకి నాలుగు కిలోలంటే ఎనిమిది కిలోల గడ్డికి 320 గ్రాములైంది, అది విషం కాదా?' అంటున్నాడు. పెద్దాయనా, మా స్టూడెంట్లు కూడా ఇట్టా అడగరు. జవాబు మూడు మాటల్లో. ఒకటి, ఆ 21 రోజుల్లో యూరియా అమ్మోనియా అయిపోతుంది. ఆ అమ్మోనియాకి మొదటి పని నత్రజని ఇవ్వడం కాదు, గడ్డిలో పీచుకీ లిగ్నినుకీ మధ్య ఉన్న బిగువుని సడలించడం. రెండు, పట్ట తెరిచినప్పుడు మీ కళ్లు మండేది ఎందుకు? అందులో సగం పైనే గాల్లోకి పోతుంది కాబట్టి. అందుకే ఆరబెట్టమన్నాను. మిగిలిన దాంతో గడ్డి ప్రొటీను ఏడెనిమిది శాతానికి వస్తుంది. మూడు, ఆ మిగిలింది గడ్డికి అంటుకుని ఉంది. పశువు ఎనిమిది కిలోల గడ్డిని ఒక్క గుక్కలో మింగదు కదా? రోజంతా నములుతుంది, రోజంతా కొంచెం కొంచెం అమ్మోనియా దిగుతుంది. దాంతో పాటే పీచు కూడా మెత్తబడి తొందరగా అరుగుతుంది. పప్పూ అన్నం ఒకేసారి.

యూరియా మొలాసిస్ దిమ్మలు, అంటే చెరకు మడ్డిలో యూరియా కలిపి పోసిన గట్టి అచ్చులు, అవి కూడా ఈ కిటుకే. నాకి నాకి తినాలి, కాబట్టి గబగబా తినలేదు. దిమ్మ మెత్తబడి ముక్కలు కొరికేట్టు ఉంటే మాత్రం పెట్టొద్దు. వానలో తడవనివ్వొద్దు.

ఇంకొకటి మర్చిపోయేవాణ్ని. యూరియాలో గంధకం లేదు. ప్రొటీనులో కొన్ని అమైనో ఆమ్లాలకి గంధకం కావాలి. నత్రజని పది పన్నెండు పాళ్లుంటే గంధకం ఒక పాలు ఉండాలి. వరిగడ్డిలో అది తక్కువే. అందుకని లవణ మిశ్రమం కొనేటప్పుడు సంచీ మీద గంధకం ఉందో లేదో చదవండి.

చెక్కలూ పచ్చిమేతలూ

వేరుశనగ చెక్క మంచిదా, పత్తి గింజల చెక్క మంచిదా అని ఆ అమ్మ ఇందాకటి నుంచి అడుగుతా ఉంది. వేరుశనగ చెక్కలో ప్రొటీను ఎక్కువ, నలభై పైన. కానీ అది పొట్టలో తొందరగా, ఎక్కువ భాగం విరిగిపోతుంది. అంటే బాక్టీరియాకి మంచిది. పత్తి చెక్క నెమ్మదిగా విరుగుతుంది, కొంత ప్రొటీను విరగకుండా పేగుకి పోతుంది. అంటే బర్రెకి నేరుగా మంచిది. మూడు నాలుగు లీటర్లిచ్చే బర్రెకి బాక్టీరియా కట్టే ప్రొటీనే ముఖ్యం, ఏ చెక్కైనా ఒకటే, చవకైంది కొనండి. పది లీటర్లు దాటిన దానికి బాక్టీరియా ఒక్కటే చాలదు, అక్కడ పత్తి చెక్క కలపండి. వేరుశనగ చెక్క బూజు పట్టింది మాత్రం వద్దు, ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

చెక్క ఎక్కువైతే కూడా యూరియా ఎక్కువైనట్టే. ఈ మాట ఎవరూ చెప్పరు. పొట్టలో అమైనో ఆమ్లాల్ని పట్టి పట్టి అమ్మోనియా చెయ్యడమే పనిగా పెట్టుకున్న బాక్టీరియా కొన్ని ఉన్నాయి. సంఖ్యలో తక్కువే గానీ వాటి వేగం చాలా ఎక్కువ. ప్రొటోజోవా ఇంకో రకం దొంగలు. అమ్మోనియా వాడుకోలేవు, బాక్టీరియానే పట్టి మింగుతాయి, మింగి సగం మళ్లీ అమ్మోనియాగానే వదులుతాయి. కట్టింది కూల్చడం. కాబట్టి చెక్క పెంచినప్పుడు దాంతో పాటు శక్తి కూడా పెంచాలి: తవుడు, నూక, జొన్నపిండి. ఒట్టి చెక్క మీద డబ్బు పోయొద్దు.

పచ్చిమేతల్లో నాకు నచ్చింది మన పిల్లిపెసర. వరి కోశాక ఆ తేమ మీద చల్లితే వస్తుంది, పప్పుజాతి, నత్రజని దండిగా. తర్వాత సుబాబుల్. పక్కన ప్రకాశం జిల్లాలో కాగితం మిల్లుల కోసం ఎకరాలకి ఎకరాలు వేశారు. కొట్టినప్పుడు ఆకు ఊరికే పోతుంది. ఆ ఆకులో ప్రొటీను ఇరవై శాతం పైన. కానీ మైమోసిన్ అని ఒక విషం ఉంది, ఎక్కువ రోజులు ఎక్కువ మేపితే వెంట్రుకలు రాలతాయి, గొంతు వాస్తుంది. ఇక్కడ ఒక కథ ఉంది. ఆస్ట్రేలియాలో పశువులు ఈ ఆకు తిని జబ్బు పడుతుంటే, హవాయి దీవుల్లో మేకలు మాత్రం హాయిగా తింటున్నాయి. జోన్స్ అనే శాస్త్రవేత్త ఆ మేకల పొట్ట రసం తెచ్చి ఆస్ట్రేలియా పశువులకి ఎక్కించాడు. జబ్బు పోయింది. ఆ విషాన్ని తినే బాక్టీరియా అది, దానికి ఆయన పేరే పెట్టారు, సినర్జిస్టెస్ జోన్సీ అని. మన పశువులకి అది ఉందో లేదో చూసుకుంటా కూర్చోనక్కర్లేదు. పచ్చిమేతలో మూడో వంతు దాటకుండా వెయ్యండి, చాలు.

లేత జొన్న సంగతి మీకు నేను చెప్పాలా? నాము అంటే, అది తిని పశువు విషం తగిలి పడిపోవడం, మీకే తెలుసు. అది సైనైడు. కానీ ఇంకో ప్రమాదం ఉంది, అది నత్రజని లెక్కలోదే. బెట్ట తగిలి, తర్వాత వాన పడి, మీరు యూరియా చల్లిన మేతలో నైట్రేటు పేరుకుంటుంది. పొట్టలో బాక్టీరియా నైట్రేటుని నైట్రైటుగా, నైట్రైటుని అమ్మోనియాగా మారుస్తాయి. అమ్మోనియా దాకా పోతే అదీ మేతే. కానీ మొదటి మెట్టు వేగం, రెండో మెట్టు నెమ్మది. మధ్యలో నైట్రైటు రక్తంలోకి పోతే రక్తం చాక్లెట్ రంగులోకి మారుతుంది, ఊపిరాడదు. కాబట్టి వాన పడిన వారం పది రోజులు ఆ మేత కొయ్యొద్దు, ఆకలి మీదున్న పశువుని అందులోకి తోలొద్దు.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు. ఇంకో రెండు ప్రశ్నలు తీసుకుంటాను.

విర్టానెన్ గురించి ఎవరో అడిగారు. అవును, ఫిన్లాండు ఆయన. 1945లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. 1966లో ఆయన పరిశోధన అచ్చైంది: ఆవులకి అసలు ప్రొటీనే లేకుండా పిండి, పీచు, చక్కెర, లవణాలు, కొంచెం నూనె, నత్రజనికి యూరియా, అమ్మోనియం లవణాలు మాత్రమే ఇచ్చి మేపాడు. కొన్ని ఆవులు ఏడాదికి నాలుగు వేల కిలోలకి పైగా పాలిచ్చాయి. గొప్ప పని. కానీ అది నెలల తరబడి అలవాటు చేసిన ఆవుల మీద, గ్రాము గ్రాము తూచి చేసిన పని. ఎవరైనా దాణా అమ్మేవాడు మీకు ఆయన పేరు చెప్తే, బస్తా వెనక్కి పంపించండి.

బ్రెజిల్ వాళ్ల సంగతి వేరు, అది మనకి పనికొస్తుంది. మన ఒంగోలు జాతిని తీసుకుపోయి అక్కడ నెలోరే అని మన నెల్లూరు పేరే పెట్టుకున్నారు. వాళ్ల మాంసం పశువుల్లో ఎక్కువ భాగం అదే. అక్కడా ఎండు కాలంలో గడ్డి మన వరిగడ్డి లాగే సారం లేకుండా ఎండిపోతుంది. ఉప్పులో యూరియా కలిపి తొట్లల్లో పెడతారు. ఉప్పు ఎందుకు? ఉప్పగా ఉంటే పశువు ఎక్కువ నాకదు. మళ్లీ అదే కిటుకు, నెమ్మదిగా పోనివ్వడం. వాళ్లు తొట్ల మీద కప్పు వేస్తారు, వాననీళ్లు నిలవకుండా. ఎందుకో మీకిప్పుడు చెప్పక్కర్లేదు.

దూడలకి యూరియా పెట్టొచ్చా? ఆరు నెలల లోపు వాటికి వద్దు. వాటి పెద్ద పొట్ట ఇంకా సరిగా తయారవదు, ఈ బాక్టీరియా కూడా నిలదొక్కుకోవు. యూరియాతో మాగేసిన గడ్డి కూడా ఆరు నెలలు దాటినాకే. గొర్రెలకి? మన నెల్లూరు జొడిపి గొర్రె నెమరేసేదే, సూత్రం అదే. కానీ వంద గొర్రెల మందలో ఏది ఎంత తిన్నదో ఎవరు చూస్తారు? గొర్రెలకి యూరియా వద్దు, కందిపొట్టు, శనగపొట్టు, సుబాబుల్ కొమ్మలు చాలు.

ఇంక లేవండి, ఎండ ముదరకముందే గుట్ట తెరుద్దాం. గాలి అటు నుంచి వీస్తా ఉంది, ఇటు పక్కకి వచ్చి నిలబడండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. పట్ట ఒక్క మూల మాత్రమే ఎత్తండయ్యా, అంతా లాగెయ్యబాకండి, మిగతాది ఇంకా నెల రోజులు మేపాలి.